పాత మిల్లుకు చట్టరక్షణ: గోడలతో పాటు యంత్రాలనూ నిలబెట్టుకోవడం ఎలా

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920లో వెలిసిన థర్మల్ పవర్ హౌస్‌ను 1995లో పడగొట్టేశారు. దానికి కూతవేటు దూరంలో, సైఫాబాద్‌లో 1903లో మొదలైన టంకశాల మాత్రం బతికింది. 1997లో పని మొత్తం చర్లపల్లికి తరలిపోయినా భవనం నిలిచి, 2022లో మ్యూజియంగా తలుపులు తెరిచింది. గన్‌ఫౌండ్రీలోని తోప్ కా సాంచాది మూడో కథ. ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో కట్టించిన ఫిరంగుల కార్ఖానా అది. గోడలు మిగిలాయి, పోత పోసిన సరంజామా మిగల్లేదు.

కార్ఖానా రక్షణలో ఎక్కువగా జరిగేది ఈ మూడోదే. భవనం పేరు జాబితాకెక్కుతుంది, లోపలి యంత్రాలు లారీలెక్కుతాయి. వారసత్వ చట్టాలు కోటలనూ గుళ్లనూ దేవిడీలనూ మనసులో పెట్టుకుని రాసినవి. ‘కట్టడం’ అన్న మాటలో లేత్ మెషీను వస్తుందా రాదా అన్నది ఎవరూ తేల్చరు, తేలేలోగా గ్యాస్ కట్టర్ పని ముగించేస్తుంది. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒకే సూత్రం మీద నడుస్తుంది: ఏ వస్తువును కాపాడాలో దాన్ని నంబరుతో సహా ప్రభుత్వ కాగితంలో రాయించాలి.

ఆజామాబాద్, సనత్‌నగర్, కవాడిగూడ వంటి పాత పారిశ్రామిక ప్రాంతాల్లో పని తొందరగా మొదలుపెట్టండి. పారిశ్రామిక భూములను ఇతర అవసరాలకు మార్చుకోనిచ్చే విధానాన్ని ప్రభుత్వం 2025 నవంబరులో ప్రకటించాక, మూతపడ్డ షెడ్డు కంటే దాని కింది నేల విలువే అందరి కళ్లకూ కనబడుతోంది.

1. ముందు తేల్చాల్సింది: ఏది ఎవరిది

పాత కార్ఖానాలో నేల ఒకరిది, భవనం ఒకరిది, యంత్రాలు మరొకరివి కావడం మామూలే. ఆజామాబాద్ అందుకు మంచి ఉదాహరణ. అక్కడ ప్లాట్లు లీజుకిచ్చినవి, ఆ లీజుల రద్దు, క్రమబద్ధీకరణ కోసం 1992లో ప్రత్యేక చట్టమే వచ్చింది. భూమి ప్రభుత్వానిదైనా షెడ్డులోని ప్రెస్ మెషీను లీజుదారుడిది కావచ్చు, ఆ మెషీను బ్యాంకు తాకట్టులో ఉండవచ్చు.

భూమికి సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, టౌన్ సర్వే రిజిస్టరు నకలు తీసుకోండి. లీజు భూమి అయితే లీజు దస్తావేజు కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రావాలి. యంత్రాల సంగతి ఇవేవీ చెప్పవు. దానికి కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో 100 రూపాయలు కట్టి ఆ కంపెనీ పత్రాలు తెరవండి. ‘ఛార్జి’ కింద ఏ బ్యాంకుకు ఏ యంత్రాలు తాకట్టు పెట్టారో ఉంటుంది. ఈ మెట్టు దాటేసి యజమానితో మాత్రమే మాట్లాడుకునేవాళ్లే ఎక్కువ. ఆయన సరేనంటాడు, ఆర్నెల్ల తర్వాత బ్యాంకు వేలం ప్రకటన పేపర్లో కనబడుతుంది.

సర్వే నంబర్లన్నీ ఒక పటం మీద గుర్తించండి. పొగగొట్టం, నీళ్ల ట్యాంకు, రైలు సైడింగు, పవర్ హౌస్ ప్రధాన షెడ్డున్న నంబరులో కాక పక్క నంబరులో ఉండటం తరచూ జరుగుతుంది. దరఖాస్తులో ఒక్క సర్వే నంబరు వదిలినా చాలు, అందులో ఉన్నదానికి రక్షణ లేనట్టే.

2. వయసు నిరూపించడం

కేంద్రం 1958లో చేసిన ప్రాచీన కట్టడాల చట్టం కింద రక్షణ కావాలంటే కట్టడానికి కనీసం నూరేళ్లు ఉండాలి. మన పారిశ్రామిక భవనాల్లో చాలావాటికి అన్నేళ్లు లేవు, ఉన్నా జాతీయ ప్రాముఖ్యం నిరూపించడం కష్టం. రాష్ట్ర చట్టం దారిలో వెళ్లినా తేదీకి గట్టి ఆధారం చూపించాల్సిందే.

మూసీ వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో 1912-15 మధ్య తయారైన మునిసిపల్ సర్వే పటాలు నగరానికి దొరికిన వరం. ప్రహరీగోడలతో సహా గీసిన పటాలవి. భవనం వాటిలో ఉంటే వయసు గురించి వాదనే అక్కర్లేదు. లేకపోతే 1915 తర్వాతిదని తెలుస్తుంది, అదీ పనికొచ్చే సమాచారమే. నిజాం కాలపు పరిశ్రమల ఫైళ్లు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో వెతకాలి. చాలావరకు ఉర్దూలోనే ఉంటాయి, తేదీలు నిజాం సర్కారు వాడిన ఫస్లీ పంచాంగంలో ఉంటాయి. ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదట్లో, ఆజూర్ నెలతో మొదలవుతుంది. ఫస్లీ అంకెకు 590 కలిపితే అక్టోబరు-డిసెంబరు తేదీలకు సరిపోతుంది, జనవరి నుంచి 591 కలపాలి. 1340 ఫస్లీ అంటే 1930-31 అన్నమాట. ఈ ఒక్క ఏడాది తేడా పట్టుకునే ఎదుటి వకీలు మీ జాబితా మొత్తాన్ని తప్పుపట్టగలడు.

భవనం ఒంటి మీదే బోలెడు ఆధారాలుంటాయి. ఉక్కు దూలాల నడుము మీద తయారీదారు పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. టార్చి లైటును పక్కవాటంగా వేస్తే పదిపొరల రంగు కింద ఉన్నా చదవొచ్చు. టాటా పేరుంటే 1912కు ముందుది కాదు, అక్కడ ఉక్కు తయారీ మొదలైంది అప్పుడే. దూలాలకు రివెట్లా వెల్డింగా, కప్పు ఉత్తరపు వెలుతురు పడే రంపపు పళ్ల ఆకారమా, స్తంభాలు పోత ఇనుమా అన్నవి రాసుకోండి. బాయిలర్ ఉంటే దాని మీద చెక్కిన రిజిస్ట్రేషన్ నంబరు ముఖ్యం. ఆ నంబరుతో బాయిలర్ల తనిఖీ శాఖ రికార్డు అడిగితే తయారైన ఏడాది, తనిఖీల చరిత్ర బయటపడవచ్చు.

3. యంత్రాల జాబితా

అసలు బరువంతా ఈ మెట్టులోనే ఉంది. యజమాని అనుమతి కాగితం మీద తీసుకుని మొదలుపెట్టండి. అనుమతి లేకుండా లోపలికి వెళ్లి తీసిన ఫొటోలు రేపు మీ మీదే అతిక్రమణ కేసుకు ఆధారాలవుతాయి.

ప్రతి షెడ్డుకూ 1:100 ప్లాను గీయండి, యంత్రాలు దగ్గరదగ్గరగా ఉన్న చోట 1:50. స్తంభాల వరుసలకు ఒకవైపు అక్షరాలు, రెండోవైపు అంకెలు ఇస్తే ప్రతి యంత్రానికీ చిరునామా ఏర్పడుతుంది. యంత్రానికి రంధ్రం వేసి ప్లేటు బిగించకండి, పెయింటుతో నంబరు రాయకండి. నైలాన్ తాడుతో కట్టిన ట్యాగు చాలు. ఇనుప యంత్రానికి రాగి తీగ చుడితే వానాకాలం తేమలో ఆ ఆనుకున్న చోటే తుప్పు పడుతుంది.

ఒక్కో యంత్రానికి కనీసం 6 ఫొటోలు: నాలుగు వైపులా, నేమ్‌ప్లేట్, దిమ్మ. పక్కన కొలబద్ద తప్పనిసరి. నేమ్‌ప్లేట్ అక్షరాలు అరిగిపోయి ఉంటే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. వైరు బ్రష్‌తో గీకితే తుప్పుతో పాటు అక్షరాలూ పోతాయి, కింద ఉన్న అసలు రంగూ పోతుంది.

జాబితాలో ఒక పద్దు ఎలా ఉండాలో చూడండి:

*యంత్రం నం. 7. బెల్టు లేత్. వర్క్‌షాప్ షెడ్డు, సి-4, సి-5 స్తంభాల మధ్య. పడక పొడవు 2.4 మీ. కాంక్రీటు దిమ్మకు నాలుగు ఫౌండేషన్ బోల్టులు, రెండింటికి నట్లు లేవు. పైన కౌంటర్ షాఫ్టు, మూడు మెట్ల కోన్ పుల్లీ ఉన్నాయి, బెల్టు లేదు. లైన్ షాఫ్టు నం. 2 నుంచి నడిచేది. నేమ్‌ప్లేట్ అచ్చు, సీరియల్ నంబరు అనుబంధంలో. హెడ్‌స్టాక్ గన్‌మెటల్ బేరింగులు రెండూ ఉన్నాయి. ఫొటోలు 7-1 నుంచి 7-8.*

లేనివి కూడా రాయడం గమనించండి. ‘బేరింగులు ఉన్నాయి’ అని తేదీతో రాసి ఉంటేనే, రేపు అవి మాయమైతే దొంగతనమని ఫిర్యాదు చేయగలరు. మూతపడ్డ కార్ఖానాలో ముందు పోయేవి రాగి కేబుళ్లు, తర్వాత గన్‌మెటల్ బుష్‌లు, ఇత్తడి వాల్వులు, ప్రెషర్ గేజీలు. వాటికి కిలో ధర ఎక్కువ, సంచిలో పట్టుకుపోవచ్చు. భోలక్‌పూర్ తుక్కు దుకాణాల్లో అవి కరిగేలోపు పట్టుకోవాలంటే ఎఫ్ఐఆర్‌లో వస్తువు వర్ణన ఉండాలి.

యంత్రాల మధ్య లంకె రాయడం మరచిపోతుంటారు. బెల్టులతో యంత్రాలన్నిటినీ తిప్పే పొడవాటి ఇరుసు (లైన్ షాఫ్టు), దాన్ని మోసే బ్రాకెట్లు, బెల్టు దూరడానికి గోడలో వదిలిన కంత, నేల కింది కేబుల్ కాలువ, పైకప్పు కింద క్రేన్ పట్టాలు: వీటిని విడివిడిగా అమ్మితే నాలుగు రాళ్లు కూడా రావు, కానీ ఇవి పోతే మిగిలిన యంత్రాలు షోరూంలో పెట్టిన బొమ్మల్లా అయిపోతాయి. పరికరాల డ్రాయింగులు, పనిముట్ల అల్మరా, అచ్చుల చెక్క నమూనాలు, హాజరు పట్టీలు కూడా విడి జాబితాలో పెట్టండి. కార్ఖానా మూసేరోజు చెత్తబుట్టలోకి పోయేవి కాగితాలే.

జాబితా పూర్తయ్యాక ప్రతి పేజీ మీద యజమాని ప్రతినిధి, ఇద్దరు సాక్షులు సంతకం చేసేలా చూడండి. వీలైతే వారసత్వ శాఖ అధికారి సమక్షంలో పంచనామాగా చేయించండి. సాఫ్ట్‌కాపీకి కోర్టులో ఉండే బలం సంతకాల కాగితం ముందు తక్కువే.

4. యంత్రం చరాస్తా, స్థిరాస్తా

రేపు కోర్టులో నలిగే ప్రశ్న ఇదే. భవనానికి శాశ్వతంగా ఉపయోగపడేలా బిగించినది ‘భూమికి అంటుకున్నది’ అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ అంటుంది. వినడానికి బాగానే ఉంది. కానీ మన సిర్పూర్ పేపర్ మిల్లు కేసులో 1997లో సుప్రీంకోర్టు, కదలకుండా నడవడానికి కాంక్రీటులో బిగించినంత మాత్రాన కాగితం యంత్రం స్థిరాస్తి అయిపోదంది. అమ్మకానికి వీలున్నప్పుడు అది సరుకేనంది. తర్వాత వచ్చిన డంకన్స్ ఇండస్ట్రీస్ కేసులో ఎరువుల కర్మాగారం యంత్రాలు స్థిరాస్తేనంది, బిగించేటప్పటి ఉద్దేశం చూడాలంది. మొదటిది ఎక్సైజ్ పన్ను తగాదా, రెండోది స్టాంపు డ్యూటీ తగాదా. వారసత్వ కేసుల కోసం ఇచ్చిన తీర్పులు కావు, అయినా తుక్కు కొన్నవాడి వకీలు మొదటిదాన్నీ, మీ వకీలు రెండోదాన్నీ ఎత్తి చూపడం ఖాయం.

ఈ పందెం మీద మొత్తం పెట్టకండి. బోల్టు బిగింపు మీద ఆధారపడే వాదన, బోల్టు విప్పిన రోజున బలహీనపడుతుంది. దిమ్మలు, బోల్టుల ఫొటోలు సిద్ధంగా పెట్టుకుంటూనే, యంత్రాల పేర్లు నేరుగా ప్రభుత్వ వారసత్వ ప్రకటనలోకి ఎక్కించే పని చూడండి.

1972 నాటి పురావస్తువుల చట్టం ఇక్కడ కొద్దిగా ఆదుకుంటుంది. నూరేళ్లు దాటి, గతకాలపు శాస్త్రానికో వృత్తికో నిదర్శనమైన వస్తువు దాని నిర్వచనంలోకి వస్తుంది. దాన్ని విదేశాలకు ఎగుమతి చేయడానికి ప్రైవేటు వ్యక్తికి వీల్లేదు. అయితే దేశంలోనే కరిగించేవాణ్ని ఈ చట్టం ఆపుతుందని అనుకోవద్దు.

5. ఎక్కడ దరఖాస్తు, ఏం అడగాలి

హైదరాబాద్‌లో 1995 నుంచి హుడా (అప్పటి నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన వారసత్వ భవనాలకు అండగా ఉండేది. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పాత జాబితాలో పేరుందని నిశ్చింతగా ఉండకండి. ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్ కేసులో 2019 సెప్టెంబరు 16న హైకోర్టు కూల్చివేత నిర్ణయాన్ని కొట్టేసింది కానీ, ఆ తీర్పు వెనుక ఆ భవనానికి పట్టణ ప్రణాళికలో ఉన్న స్థానం, తీసుకోవాల్సిన అనుమతులు తీసుకోకపోవడం ఉన్నాయి. మీ మిల్లుకు అదే స్థానం ఉందో లేదో విడిగా చూసుకోవాలి.

కాబట్టి 2017 చట్టం కింద వారసత్వ తెలంగాణ శాఖ డైరెక్టరుకు దరఖాస్తు ఇవ్వండి. నకళ్లు హెచ్ఎండీఏకు, నగరపాలక సంస్థ టౌన్ ప్లానింగ్ విభాగానికి, జిల్లా కలెక్టరుకు. నలుగురికీ ఒకే రోజున ఇచ్చి, నాలుగు రసీదులూ దాచుకోండి. కూల్చివేత అనుమతి ఇచ్చేది ఒక కార్యాలయం, వారసత్వ గుర్తింపు ఇచ్చేది మరొకటి. ఒకరికి తెలియలేదన్న సాకు మిగల్చకూడదు.

దరఖాస్తు తెలుగులో రాసినా, కాపాడాల్సినవాటి పట్టిక (షెడ్యూలు) ఇంగ్లిష్‌లోనూ జతచేయండి, నేమ్‌ప్లేట్ మీది అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రావాలి కదా. మీ యంత్రాల జాబితాను అనుబంధం-1గా పెట్టి, షెడ్యూలులో ఈ అర్థం వచ్చేలా ఒక పేరా రాయాలి:

*‘పై సర్వే నంబర్లలోని భవనాలు, పొగగొట్టం, అందులో అమర్చిన యంత్రాలు, వాటి దిమ్మలు, లైన్ షాఫ్టులు, క్రేన్ పట్టాలు, అనుబంధం-1లో నంబర్లవారీగా పేర్కొన్న విడి పరికరాలు అన్నీ కలిపి ఒకే వారసత్వ కట్టడం. ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా వీటిలో దేనినీ కదల్చరాదు, విడదీయరాదు, అమ్మరాదు.’*

‘భవనం, దాని పరిసరాలు’ అన్న రెడీమేడ్ వాక్యంతో ముసాయిదా తయారై వస్తే సంతోషపడి ఊరుకోకండి. ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక అభ్యంతరాలకిచ్చే గడువులోనే, యంత్రాల అనుబంధాన్ని చేర్చమని రాతపూర్వకంగా అడగండి. తుది ప్రకటన వచ్చాక సవరణ తేవడం కొత్త దరఖాస్తు కంటే కష్టం.

ప్రాముఖ్యం గురించి రాసేటప్పుడు కవిత్వం వద్దు. ఈ ప్రక్రియ రాష్ట్రంలో ఇంకెక్కడైనా మిగిలిందా, ముడిసరుకు రావడం నుంచి సరుకు బయటికి వెళ్లేదాకా గొలుసు ఎంతవరకు చెక్కుచెదరకుండా ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్తే చాలు. పారిశ్రామిక వారసత్వంపై 2003 నాటి నిజ్నీ తగీల్ చార్టర్ ఉన్నచోటే భద్రపరచడానికి మొదటి పీట వేసింది. అది మన దగ్గర చట్టం కాదు, కమిటీ ముందు వాదనకు మాత్రం పనికొస్తుంది.

యజమానిని శత్రువుగా చూడకపోవడం తెలివైన పని. 2012 భవన నిబంధనలు వారసత్వ కట్టడాన్ని నిలబెట్టినవాళ్లకు బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కులు (టీడీఆర్) ఇవ్వడానికి వీలు కల్పిస్తున్నాయి. టీడీఆర్ వస్తుందంటే కోర్టు నోటీసుకు కదలనివాళ్లు కూడా కూర్చుని మాట్లాడతారు.

6. వేలం ముంచుకొస్తే

కంపెనీ దివాలా తీస్తే 2016 దివాలా స్మృతి కింద లిక్విడేటర్ వస్తాడు. ఆయన పని అప్పులవాళ్లకు వీలైనంత డబ్బు తేవడం. వేలం ప్రకటనలో మీ నూరు యంత్రాలు ‘ప్లాంట్ అండ్ మెషినరీ, ఒక లాటు’ అన్న ఒక్క ముక్కలో ఒదిగిపోతాయి. ప్రకటన చూసిన రోజే లిక్విడేటర్‌కు మీ జాబితా, దరఖాస్తు రసీదు పంపండి. వారసత్వ దరఖాస్తు పెండింగులో ఉందన్న విషయాన్ని వేలం షరతుల్లో చేర్చమని అడగండి. ఆ ఒక్క వాక్యం చేరితే తుక్కు లెక్కన కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. పట్టించుకోకపోతే ఆ స్మృతి 60(5) సెక్షన్ కింద జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) హైదరాబాద్ బెంచికి వెళ్లే దారి చూడమని వకీలును అడగండి. ప్రభుత్వ రంగ సంస్థ తుక్కయితే తరచుగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఈ-వేలంలోకి వస్తుంది, ఆ సైటును వారానికోసారైనా చూడండి.

మొత్తం ఆపలేకపోతే బేరం దిగండి. పూర్తి వరుసలో ఒక్కోరకం యంత్రం ఒకటి, లైన్ షాఫ్టులో ఒక బే (రెండు స్తంభాల వరుసల మధ్య జాగా) పొడవు, విద్యుత్ స్విచ్ బోర్డు, కాగితాలు. ఇవి వేరే లాటుగా విడగొట్టించి మ్యూజియం చేత కొనిపించవచ్చు, లేదా యజమానే దానపత్రం ద్వారా ఇవ్వవచ్చు.

7. ‘ప్రమాదకర భవనం’ నోటీసు

కూల్చివేతకు అలవాటైన అడ్డదారి ఇది. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 456వ సెక్షన్ కింద, పడిపోయేలా ఉన్న కట్టడాన్ని తొలగించమని నోటీసిస్తారు. దానికి భావోద్వేగంతో జవాబివ్వకండి. స్ట్రక్చరల్ ఇంజనీరు చేత నివేదిక రాయించి, ఏ భాగం బలహీనం, దానికి ఏ పోటు పెట్టాం అన్నది ఫొటోలతో చూపండి. రేకులు ఎగిరిపోయిన ఒక బే వల్ల మొత్తం షెడ్డును బలిచేయక్కర్లేదు. పోత ఇనుప స్తంభాలు చాలాచోట్ల బోలుగా ఉండి వాననీటి గొట్టాలుగా కూడా పనిచేస్తాయి. అడుగున చెత్త పేరుకుంటే నీళ్లు లోపలే నిలిచి పునాది దగ్గర తినేస్తాయి. జూన్‌లోపు వాటిని శుభ్రం చేయించడం చవకైన పని, నోటీసుకు గట్టి జవాబు కూడా. పొగగొట్టం మీద మొలిచిన రావి మొక్కను పీకకండి, ఇటుకలు ఊడొస్తాయి. కోసి, మొదలుకు మందు పూయాలి.

అర్ధరాత్రి కూల్చివేత భయం ఉంటే హైకోర్టులో 226 అధికరణ కింద రిట్ వేసి యథాతథ స్థితి ఉత్తర్వు అడగాలి. ప్రార్థనలో ‘భవనం, అనుబంధం-1లోని యంత్రాలు’ అని రెండూ ఉండాలి. భవనం ఒక్కటే రాస్తే ఉత్తర్వుకు లోబడే ఖాళీ చేసేస్తారు.

8. రక్షణ వచ్చాక

అనుమతితో హోటలో ఆఫీసో పెట్టుకోనిచ్చేటప్పుడు షరతులు కాగితం మీదికి రావాలి. ఇసుక బ్లాస్టింగ్ వద్దు. పాత ఆవిరి గొట్టాల చుట్టూ ఉన్న తొడుగు ఆస్‌బెస్టాస్ కావచ్చు, పరీక్షించకుండా పొడిగా గీకనివ్వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ నూనె కాలువలోకి వదలకూడదు, పరీక్ష చేయించి అధీకృత సేకరణదారుకు ఇవ్వాలి. యంత్రం కడుపులో నిలిచిన నీళ్లు తీసేసి, మెరుగు భాగాలకు మైక్రోక్రిస్టలైన్ మైనం పూసి, తిరిగే షాఫ్టులను మూడు నెలలకోసారి చేత్తో పావు చుట్టు తిప్పాలి. ఒకేచోట బరువు ఆనితే బేరింగులు పట్టేస్తాయి. బాయిలర్‌లో సరదాకైనా ఆవిరి పెట్టాలంటే బాయిలర్ల చట్టం కింద ధ్రువపత్రం కావాలి, లేకుండా పెడితే నేరం.

ఏ యంత్రాన్నైనా కదల్చక తప్పకపోతే ముందు దిమ్మ, బోల్టుల మధ్య దూరాలు కొలిచి, ప్రతి భాగానికి తీసిన వరుసలోనే నంబరు వేసి, ఆ వరుసను ఫైల్లో పెట్టండి. ఖాళీ అయిన దిమ్మను పగలగొట్టనివ్వకండి. ఏడాదికోసారి, వానలు తగ్గిన అక్టోబరులో, అనుబంధం-1 చేతబట్టుకుని శాఖ మనిషితో కలిసి షెడ్డంతా తిరగండి. ఒక్కో నంబరుకు ఎదురుగా టిక్కు పెట్టించి, కనబడని వస్తువుకు ఆ రోజే ఫిర్యాదు రాయించండి.